వాసన కాదు, గ్యాస్

ఇస్నాపూర్‌లో దుర్వాసన లేదట. ఆ మాటకు ఆధారం నేనట. ఎం.ఏ.కు నేను రాసిన డిసర్టేషన్ ముగింపులో అట్లాగే ఉంది. తలచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా ఇల్లు ఇస్నాపూర్‌లోనే, కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు కిరాయికిచ్చే గదుల వరస పక్కన. అందుకే చదివింది సోషియాలజీ అయినా, మా గల్లీ పీల్చే గాలి గురించే రాస్తానని కాలేజీలో చెప్పాను. మా గైడు సారు రోజూ హైదరాబాద్ నుంచి కారులో, మా ఇస్నాపూర్ మీదుగానే కాలేజీకి వచ్చేవారు. మొదటి రోజే పాత బ్యాచ్ వాళ్ళ ప్రశ్నావళి నా చేతిలో పెట్టి, "ఇది టెస్టెడ్ అమ్మా, మక్కికి మక్కి దింపుకో" అన్నారు. పరిశోధనలో నాకు అందిన మొదటి పాఠం అదే. ముందు ప్రశ్న పుట్టాలి, పద్ధతి దాని వెంట రావాలి అని పుస్తకాల్లో ఉంటుంది. మా దగ్గర ప్రశ్న జిరాక్స్ సెంటర్‌లో పుడుతుంది.

అందులో ఒక ప్రశ్న ఇది: "మీ నివాస పరిసరాలలో దుర్వాసన సమస్య కలదా? కలదు / లేదు." కలదట! మా గల్లీలో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. అయినా కాగితాలు పట్టుకుని గది గదికీ తిరిగాను. బిహార్ వాళ్ళకు "బద్‌బూ" అని హిందీలో అడిగాను. అందరూ తడుముకోకుండా లేదన్నారు. నేనేమో రాత్రి ఘాటు ఇంకా పోక, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని "లేదు" మీద టిక్కు కొడుతున్నాను. వీళ్ళకు అసలు ముక్కులున్నాయా అని లోపల విసుక్కున్నాను.

పొద్దుగూకే వేళకు మా ఇంటి వెనక ఉండే, పిన్ని వరసకు నేను ఖాలా అని పిలిచే ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె మిషన్ కుడుతుంది, చిన్నప్పటి నుంచీ నా బట్టలన్నీ ఆమె కుట్టినవే. ప్రశ్న చదివి వినిపించాను. "లేదు బేటీ, అసొంటిదేం లేదు" అంటూనే లేచి, కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది.

"మరి కిటికెందుకు మూస్తున్నవ్ ఖాలా?"

"కంపెనీలల్ల గ్యాస్ ఇడిసే టైమైంది గద. కండ్లు మండుతయ్."

"గదే కద దుర్వాసనంటే!"

"గదెట్లయితది? వాసనంటే మురికి మోరీది, సచ్చిన కుక్కది. గిది గ్యాస్. నువ్వు గ్యాసని అడిగినవా?"

అడగలేదు. ఎవరినీ అడగలేదు.

మర్నాటి నుంచి మళ్ళీ తిరిగాను. ఈసారి వాసన అనలేదు, గ్యాస్ అని కూడా నా అంతట నేను అనలేదు. "పొద్దుగూకినంక మీ దగ్గర ఎట్లుంటది?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను. మొదటిసారి ఒక్క మాటతో తలుపేసుకున్న మనుషులే కూర్చోబెట్టి చెప్పారు. గ్యాస్ అనే మాట వాళ్ళ నోటి నుంచే వచ్చింది. గొంతు గీరడం, పిల్లల దగ్గు, తిన్నది కక్కుకోవడం, అన్నీ దాని వెంటే వచ్చాయి.

మొదటిసారి జవాబులు, రెండోసారి జవాబులు రెండు పట్టికలుగా వేసి సారు ముందు పెట్టాను. ఆయన రెండోదాన్ని వేలితో పక్కకు జరిపారు.

"రెండోసారి అడిగావంటే నీకు కావలసిన జవాబు కోసం అడిగావన్నమాట. దీన్ని బయాస్ అంటారమ్మా."

అందులో సగం నిజముంది, అందుకే నాకు ఇంకా మండింది. కావలసిన జవాబు దొరికేదాకా ప్రశ్న మార్చడం తప్పే. కానీ ప్రశ్నే అర్థం కానప్పుడు వచ్చిన జవాబు ఎవరిది? పైగా నేనేదీ దాచలేదు. రెండు ప్రశ్నలూ పెట్టాను, రెండోసారి ఎందుకు వెళ్ళానో కూడా రాశాను. ఎట్లా తెలుసుకున్నామో దాచకుండా చెప్పడం కాకపోతే పరిశోధన ఇంకేమిటి? ఉండబట్టలేక అడిగేశాను.

"ఇస్నాపూర్ రాంగనే మీ కారు అద్దాలు ఎందుకెక్కిస్తరు సార్?"

"అది నా పర్సనల్ ఎక్స్‌పీరియన్స్. డేటా కాదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి వెళితే, గైడుతో గొడవ పడితే ఏడాది పోతుందమ్మా అన్నారు. చివరికి రెండో పట్టిక పుస్తకం చివర అనుబంధంలో ఉండేట్టు, ముగింపులో "లేదు" అని ఉండేట్టు తేల్చారు. కాదంటే సారు సంతకం లేదు. అనుబంధమైనా మిగలనీ అని పళ్ళు కొరుక్కుంటూ తలూపాను.

మొన్న సాయంత్రం ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. అదే కాలేజీ, అదే ప్రశ్నావళి. "దుర్వాసన సమస్య కలదా?" అని చదివింది. ఈ ప్రశ్న ఎందుకని అడిగితే, "ఇంతకుముందు స్టడీల గూడ లేదనే వచ్చిందక్కా" అని రిఫరెన్సుల పేజీ చూపించింది. వేలు నా పేరు మీద పెట్టింది.

"అది నేనే. ఎనుక అనుబంధం సదివినవా?"

"ముగింపు సదివినక్కా. అనుబంధం ఎవలు సదువుతరు?"

ఒళ్ళు మండిపోయింది, ఆ పిల్ల మీద కాదు. చెయ్యి పట్టుకుని ఖాలా ఇంటికి తీసుకుపోయాను. ఖాలా కిటికీ మూయబోతోంది. "మీ కాడ వాసన లేదని నువ్వు చెప్పినవట ఖాలా, నా పుస్తకంల గట్లనే ఉన్నది. ఈ పిల్ల గూడ గదే రాసుకపోతున్నది" అన్నాను.

ఖాలా చెయ్యి రెక్క మీదే ఆగింది.

"ఏందీ? కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నట్టుంటే, ఏం లేదని నేను చెప్పిన్నా?"

ఆమె రెక్కలు బార్లా తెరిచి, కుర్చీ లాగి కిటికీ పక్కన వేసింది. "కూసో బేటీ. ఇయ్యాల మూసేది లేదు."

అమ్మాయి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి గ్యాస్ వచ్చింది. ఆ పిల్ల దగ్గింది, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఖాలా వైపు తిరిగింది.

"అమ్మో, ఇదేంది?"

"ఆ, గట్లడుగు," అంది ఖాలా. "గట్లడిగితే చెప్త."