కరీం భాయ్ మింగిన బావి

మా పొలం పంచుకున్నా బావి ఉమ్మడిగానే ఎందుకు మిగిలిందో రేపు మా పిల్లలకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

నేను ఖతార్‌లో, దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఉంటాను. నాన్న వదిలిన నాలుగెకరాలకు బావి ఒక్కటే. అది నాకంటే నాకని అన్న మల్లేశం, నేను రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఒకరు పంచితే ఇంకొకరు ముందు ఎంచుకునే పద్ధతి గ్రంథాలయంలో చదివింది గుర్తొచ్చి, అన్నకు వీడియో కాల్ చేశాను. అటు సుజాత వదిన ఫోను పట్టుకుంది.

"అన్నా, భాగాలు నేను వేస్త. ముందుగాల నువ్వు కోరుకో."

వాళ్లకు కనబడేలా పెద్ద పళ్లెంలో అన్నాన్ని పొలంలా పరిచి, ఖర్జూరాలతో గట్లు వేసి, బావి ఉన్నచోట ఉడికిన గుడ్డు పెట్టాను. బావి లేని భాగాన్ని ఎకరం పెద్దది చేశాను.

అన్న నోరు తెరిచేలోపే, డ్యూటీ నుంచి వచ్చిన మా గదిలోనే ఉండే కరీం భాయ్ అందరికీ వడ్డించిన పళ్లెమనుకుని గుడ్డు నోట్లో వేసుకున్నాడు.

"అరే తమ్మీ! బావి మింగిండు!" ఫోన్లో అన్న కేక.

"గింత లొల్లేంది భాయ్? ఇంకోటి ఉడకబెడ్త తియ్!" అన్నాడు కరీం.

అన్న పడీపడీ నవ్వాడు. "ఇగ బావే లేదు, కొట్లాటేంది? భూమి సగం సగం, నీళ్లు వంతులేసుకుందం. నువ్వొచ్చేదాక నీ మడి గూడ నేనే తడుపుత."

ఆ పరిష్కారం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నవ్విన మల్లేశం అన్నకు, ఫోను పట్టుకున్న సుజాత వదినకు, బావిని మింగి మమ్మల్ని కలిపిన కరీం భాయ్‌కు కృతజ్ఞతలు.