రహమతుల్లా గారి అదుపులో మరియదాసు

మా పక్కింటి రహమతుల్లా గారు హెడ్ కానిస్టేబుల్. కోర్టు ఎవరిమీద వారెంటు ఇస్తే వాళ్లను పట్టుకురావడం ఆయన పని. వెళ్లేముందు ఫోన్ చేస్తారు: "రేపు పొద్దున వస్తున్నానండీ, టిఫిన్ చేసి సిద్ధంగా ఉండండి." ఇంతవరకు పారిపోయినవాళ్లు తక్కువ, ఈయనకే టిఫిన్ పెట్టినవాళ్లు ఎక్కువ.

కొన్నేళ్లుగా వారెంట్లు కాగితాల మీద కాక ట్యాబులో వస్తున్నాయి. దాని ప్రారంభోత్సవానికి పూలు, శాలువాలు, నిధులు అన్నీ దొరికాయి. తర్వాత బాగుచేయించే ఖర్చు ఎవరిదో మాత్రం తేలలేదు. కొన్నది జిల్లా కాబట్టి జిల్లాదేనని స్టేషను, వాడేది స్టేషను కాబట్టి స్టేషనుదేనని జిల్లా. ఈలోగా కంపెనీతో ఒప్పందం గడువు తీరింది. సర్వర్ తన ఇష్టమొచ్చినప్పుడు లేస్తుంది. ట్యాబులో సిమ్ చచ్చిపోతే రహమతుల్లా గారి సొంత ఫోనే దానికి ఇంటర్నెట్టు అయింది. బ్యాటరీ కూడా ఉబ్బింది. ఆయన దాన్ని చార్జింగ్‌కి పెట్టగానే నేను మా పాపను ఎత్తుకుని మా ఇంట్లోకి వచ్చేస్తాను. ఉబ్బిన లిథియం బ్యాటరీలు పేలతాయని చదువుకున్నదాన్ని మరి.

"ఏం కాదమ్మా, నాలాగే దానికీ కాస్త పొట్టొచ్చింది" అంటారాయన.

"మీ పొట్టకైతే నేను వండిపెడుతున్నా. దానికెవరు పెడుతున్నారో!" అంటారు వాళ్లావిడ షాహీదా గారు.

మొన్న ఒక ఆదివారం మైలవరం దగ్గరి పల్లెలో మరియదాసు అనే ఆయన్ని తీసుకురావాల్సి వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాలీ ఆటోతో సిగ్నల్ స్తంభాన్ని గుద్దిన కేసు. వాయిదాకి రాలేదని వారెంటు వేశారు. రహమతుల్లా గారు ఆ పొద్దున బయల్దేరేముందు అలవాటుగా ఫోన్ చేశారు.

"శుక్రవారమే కోర్టుకెళ్లి రద్దు చేయించుకున్నానండీ! కాగితం సోమవారం ఇస్తామన్నారు. ఇవాళ మా చర్చి గుళ్లో మా అమ్మాయి స్టెల్లా పెళ్లి ప్రకటన. పెళ్లివారి ముందు నన్ను తీసుకెళితే ఇంకేమన్నా ఉందా?"

ట్యాబులో ఆయన పేరు ఇంకా ఎర్రగానే ఉంది. ఎర్రగా ఉంటే తేవాల్సిందేనన్నాడు ఎస్సై. సర్వర్ లేస్తే ఆ రంగు మారుతుందని రహమతుల్లా గారు ట్యాబు పట్టుకుని యూనిఫాంలోనే గుడికి వెళ్లి, చివరి బల్ల మీద మరియదాసు పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఎస్సై ఫోన్.

"దొరికాడా?"

"నా అదుపులోనే ఉన్నారు సార్," అన్నారు గుసగుసగా. "పూజ అయ్యాక చెబుతా."

పూజ చివర ఫాదర్ గారు ప్రకటన చదివారు. స్టెల్లాకూ గన్నవరం డేనియల్‌కూ పెళ్లి నిశ్చయమైందనీ, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయాలనీ అన్నారు. సరిగ్గా అప్పుడే, అంతవరకూ ఇంటర్నెట్టు అందని రహమతుల్లా గారి ఫోనులో సిగ్నల్ గీత ఒకటి వెలిగింది. అది పోకుండా ఆయన గభాలున లేచి, ఫోను పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడ్డారు.

గుడంతా వెనక్కి తిరిగింది.

"ఏంటండీ మీ అభ్యంతరం?" అన్నారు ఫాదర్ గారు.

"నాకేం లేదండీ. సర్వర్‌కే."

డేనియల్ తల్లి సంపూర్ణమ్మ లేచింది. "పోలీసులెందుకొచ్చారు? మాకు తెలియాలి."

మరియదాసుకు ఇక దాక్కునే చోటు లేదు. ఆయనా లేచాడు. "నా కోసమేనమ్మా. బెంజ్ సర్కిల్‌లో స్తంభాన్ని గుద్దాను. వాయిదా మర్చిపోయాను. మీకు చెప్పడానికి సిగ్గేసింది."

"స్తంభమేనా?" సంపూర్ణమ్మ ఊపిరి వదిలింది. "మావాడు కిందటేడు మా గుడి గేటే గుద్దాడు. మా ఊరి ఫాదర్ గారు కేసు పెట్టలేదు కాబట్టి సరిపోయింది. కూర్చోండి అన్నయ్యగారూ."

డేనియల్ తల వంచుకున్నాడు. నవ్వు ఆపుకుంటూ స్టెల్లా, సిగ్నల్ బాగా అందే తన ఫోను తెచ్చి ట్యాబుకు కలిపింది. సర్వర్ లేచింది, పడింది, మళ్లీ లేచింది. చివరికి మరియదాసు పేరు పచ్చబడి పక్కన 'రద్దు' అని వచ్చింది. రహమతుల్లా గారు ఎస్సైకి చెప్పి, మరియదాసు చెయ్యి పట్టుకున్నారు.

"మిమ్మల్ని విడిచిపెట్టమన్నారండీ. వస్తా మరి."

"వాళ్లు విడిచిపెడితే సరా?" మరియదాసు ఆ చెయ్యి వదల్లేదు. "నేను విడిచిపెట్టొద్దూ? పదండి, భోజనానికి."