కంప్యూటర్‌లో కుంగిన వంతెన

2023 వేసవి. గద్వాలలో మా డిజైన్ ఆఫీసు ఒక చీరల దుకాణం పైన ఉండేది. అప్పటిదాకా మేం చేసినవన్నీ కాంక్రీటు వంతెనలే. ఆ ఏడు మొదటిసారి స్టీల్ గర్డర్ల వంతెన చేతికొచ్చింది. గర్డర్లంటే స్లాబును మోసే పొడవాటి దూలాలు. నేనూ, నా జూనియర్ సలీమూ పెద్దగా హడావుడి పడలేదు. పనున్నా లేకున్నా ఆ ఫైలు తెరిచి చూసుకునేవాళ్లం, అంతే.

వాగులో పిల్లర్లు అప్పటికే లేచాయి. వానలకు ముందే పైభాగం పడాలని ఉక్కు ఎంచుకున్నారు. అవతలి ఒడ్డున సావిత్రమ్మ అనే రైతు విత్తనాల కోసం సీడ్ పత్తి వేస్తుంది. అందులో క్రాసింగ్, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దడం, పొద్దుటి పూటే జరగాలి. వాగు పారితే కూలీలు ఇవతలే ఆగిపోతారు. పూలు ఆగవు. అంతకుముందు ఏడు ఆమె పంట చాలావరకు అలాగే పోయింది.

గర్డర్ల ఆర్డరు పంపాల్సిన రోజు ఆమె నేరుగా ఆఫీసుకే వచ్చి కూర్చుంది. అప్పుడే సలీం కంప్యూటర్‌లో వంతెన మోడల్ రన్ చేశాడు. తెర మీద వంతెన నడుమ దండెంలా వేలాడింది.

"ఏమైంది సారూ?"

"జర వంగిందమ్మా."

"గిది జరనా? దీని మీద నా మ్యాక గూడ ఎక్కదు!"

గర్డర్ల సైజు పెంచవచ్చు. కానీ ఆ బరువు పిల్లర్లు మోయవు. కథ మళ్లీ మొదటికొస్తుంది, ఈలోగా వానలూ వస్తాయి.

"ఈ యేడు గూడ మందిని ఒడ్డు మీద నిలవెట్టి పూలు సూస్కుంట కూసోవాల్నా?" అందామె.

నేను వంతెన బరువు చేత్తో లెక్కగట్టి, సాఫ్ట్‌వేర్ చూపిన రియాక్షన్లు, అంటే పిల్లర్ల మీదికి దిగే బరువులు, కూడి చూశాను. తెరమీది వంతెన నా వంతెనకు రెండింతలు దాటి తూగుతోంది! బక్కచిక్కినవాడు అంత బరువెలా తూగుతాడు?

"సలీం, మెటీరియల్స్ తెరువు!"

వంతెనలో వాడే ప్రతి పదార్థం స్వభావం సాఫ్ట్‌వేర్‌కు చెప్పడమే మెటీరియల్ డెఫినిషన్. గ్రేడు, సాంద్రత, ఎలాస్టిక్ మాడ్యులస్ ఇవ్వాలి. ఈ చివరిది, వంచబోతే పదార్థం ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె. ఉక్కు కాంక్రీటుకు మూడింతల బరువు, అంతకు మించి మొండి. మా ఆఫీసులో కొత్త వంతెన ఏదైనా పాత వంతెన ఫైలు కాపీతోనే పుడుతుంది. పాత ఫైల్లో ఒకటో మెటీరియల్ గర్డర్ల కాంక్రీటు, రెండోది స్లాబు కాంక్రీటు. కాంక్రీటుకే మొదటి పీట వేయడం అలవాటైన సలీం, ఒకటో దాన్ని ముట్టుకోకుండా రెండో దాన్ని ఉక్కుగా మార్చాడు. దాంతో స్లాబు ఉక్కైంది, సన్నటి గర్డర్లు కాంక్రీటయ్యాయి.

"అన్నా... రోడ్డంత ఉక్కేసిన."

"మంచి గట్టి రోడ్డే. మోసేటోడే లేడు."

సరిచేసి మళ్లీ రన్ చేశాం. వంపు హద్దుకు బాగా లోపలే ఆగింది. బరువు నా కాగితంతో కలిసింది. సలీం కుర్చీలోంచి ఎగిరాడు. నేను కూర్చునే ఉన్నాను, కేక మాత్రం నాదే.

"అయితే మా బ్రిడ్జి నిలవడ్తదా?"

"నిలవడ్తదమ్మా."

"మరి ఇందాక గా డబ్బ గట్లెందుకు సూపిచ్చింది?"

"మేం చెప్పింది నమ్మింది."

ఆర్డరు ఆ సాయంత్రమే వెళ్లింది. వాగు మొదటిసారి పొంగిన పొద్దున సావిత్రమ్మ ఫోను: "సారూ, కింద నీళ్లు, పైన మా మంది!"

సాఫ్ట్‌వేర్ ఎంతో మర్యాదస్తురాలు, ఏం చెప్పినా ఎదురు చెప్పదు. అందుకే ఇప్పుడు ఏ మోడల్‌నైనా ఎంత వంగావని తర్వాత అడుగుతాం. ముందు ఎంత తూగుతున్నావని అడుగుతాం.