మస్తానన్న జాగా

పొద్దున్నే మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతను పెట్టెలో బొగ్గులు రాజేస్తాడు. గాలి ఇటు తిరిగిందంటే ఆ వాసన తిన్నగా మా వరండాలోకి వచ్చేస్తుంది. మా కోడలు దగ్గుతూ కిటికీ మూస్తుంది. ఆమె వంటింట్లోకి వెళ్ళగానే నేను లేచి తెరుస్తాను. ఇంజన్లలో వేసే రాతిబొగ్గు వేరు, ఈ కట్టెబొగ్గు వేరు అని నాకూ తెలుసు గానీ, ఎనభై దాటిన ముక్కుకు అంత పట్టింపు ఉండదు. ఏదో ఒక బొగ్గు కాలితే చాలు, బిట్రగుంట లోకోషెడ్డు వెనక ఎర్రమట్టి కోర్టూ, దాని ఎడమ మూల నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మస్తానన్నా కళ్ళ ముందుకు వస్తారు. కాఫీ కూడా తాగకుండా ఆయన్ను తలుచుకోవడం నాకేమీ సరదా కాదు. రోజంతా ఒంట్లో ఓపిక లేనట్టు ఉంటుంది. అయినా కిటికీ తెరుస్తాను.

ఆయన్ను ఎరిగినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి చెబుతున్నాను. మస్తానన్న రైల్వేలో ఫైర్‌మాన్, అంటే పారతో ఇంజను పొయ్యిలోకి బొగ్గు ఎత్తి వేసే మనిషి. అది జీతానికి. ప్రాణం మాత్రం బాల్ బ్యాడ్మింటన్ మీద. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే ఈకలు కుట్టిన బంతి అనుకుంటారు. ఇది పసుపుపచ్చ ఊలు చుట్టిన బంతి, పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, నడుమ వల. బంతి నేల తాకిందా, పోయినట్టే. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఏ బడి వెనక చూసినా ఒక కోర్టు ఉండేది. రైల్వే జట్టు వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెలు పనులు మానుకుని వెళ్ళేవి. ఆ జట్టుకు కెప్టెన్ మస్తానన్న. వెనక వరుసలో ఎడమ మూల ఆయనది. "ఆ మూల బంతి పడాలంటే ముందు మస్తానుకు నిద్ర పట్టాల" అని జనం వేళాకోళం ఆడేవాళ్ళు.

పోటీలు మొదలయ్యే ముందు, పుష్యమాసపు చలిలో, ఆ జట్టు బిట్రగుంటలో క్యాంపు పెట్టేది. పాతవాళ్ళు ఒళ్ళు సవరించుకోవాలి, ఆఫీసర్లు కొత్తవాళ్ళను చూడాలి. అరవయ్యో దశకం మొదట్లో ఒక ఏడు నాకు పిలుపు వచ్చింది. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె. మా నాయన కౌలుకు వరి పండించేవాడు. నేను ఎస్సెల్సీ పాసై ధాన్యం మిల్లులో బస్తాలు చూసుకుంటూ, సాయంత్రాలు బ్యాటు పట్టుకుని తిరిగేవాణ్ణి. జట్టులోకి తీసుకుంటే రైల్వేలో ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఆ ఊక దుమ్మే. "పోయిరా. వస్తే వచ్చె, పోతే పాయె" అన్నాడు మా నాయన. పంట మునిగిన ఏడు కూడా ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

ఆ క్యాంపులో ఒక వింత రివాజు ఉండేది. కొత్తగా వచ్చినవాడు ఏ జాగాలో ఆడతాడో, జట్టులో ఆ జాగా ఎవరిదో వాళ్ళింట్లోనే దిగాలి. తిండీ పడకా అక్కడే. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇద్దరూ కలిసి లేచి, కలిసి ఆడితే ఒకరి ఆట ఒకరికి తెలుస్తుందని పైకి చెప్పేవాళ్ళు. మన కూడు లాక్కోవడానికి వచ్చినవాడికి మనమే కూడు పెట్టడమేమిటని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. నేను ఆడేది వెనక ఎడమ మూల. అందుకని నన్ను మస్తానన్న ఇంటికి రాశారు.

రైలు దిగేసరికి ఆయనే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. పొట్టి మనిషి, మెడ చుట్టూ మఫ్లరు. నన్నూ నా బ్యాటునూ పైనుంచి కిందికి చూశాడు.

"బుచ్చి నుంచి వచ్చింది నువ్వేనా?"

"అవునండీ. రమణయ్య అంటారండీ."

"అండీ గిండీ ఏంది, అన్నా అను. నా జాగాకి ఎసరు పెట్టను వచ్చినోడివి, ఇంత మర్యాదెందుకు?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా ప్లాట్‌ఫారం స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా సంచి తీసుకుని, "తిన్నావా?" అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య జైనబి. రెండు గదుల క్వార్టరు. సముద్రపు తేమకు బ్యాటుకు అల్లిన నరాల తీగలు సడలుతాయని ఆయన తన బ్యాటును వంటింట్లో పొయ్యి పక్క గోడకు తగిలించేవాడు. ఆ మేకు పక్కనే ఆవిడ నా బ్యాటుకూ ఇంకో మేకు కొట్టి ఉంచింది. చేపల పులుసు వడ్డిస్తూ, "తిను నాయనా. నువ్వు నీరసపడి ఓడిపోయినావనుకో, జైనబి కడుపుకి పెట్టలా అంటారు ఈ కాలనీలో" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మస్తానన్న చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళగానే గరిటె పట్టుకునే మొదలుపెట్టింది.

"దాచేదేం లేదబ్బయ్యా. మీ అన్నకు రొమ్ము బాగలేదు. జట్టులో ఉన్నన్నాళ్ళూ షెడ్డు బయట పగటి పని. జట్టులోంచి తీసేస్తే మళ్ళా ఇంజనెక్కాల. ఆ సెగా, ఆ దుమ్మూ. డాక్టరు ఎక్కబాక అన్నాడు. తెలిసుంటే మంచిదని చెప్పినా. ఇంకాస్త పులుసు పోసేదా?"

చెప్పకపోయినా బాగుండేదే అనుకున్నాను. పులుసు మాత్రం పోయించుకున్నాను. చాలా బాగుంది.

పొద్దున్నే కోర్టుకు వెళ్ళేసరికి నీళ్ళు చల్లి రోలరు లాగి ఉండేది. కాలనీలో సగం మంది అక్కడే. డ్రైవర్ల ఇళ్ళ నుంచి ఆంగ్లో ఇండియన్ దొరసానులు పేము కుర్చీలు తెచ్చి వేసుకుని, ఫ్లాస్కుల్లో టీ పోసుకుంటూ, బంతి కొట్టినవాడి పేరు పెట్టి అరిచేవాళ్ళు. షెడ్డులో నైట్ డ్యూటీ దిగినవాళ్ళు మొహాలు కడుక్కోకుండానే వచ్చి గట్టు మీద కూర్చునేవాళ్ళు. అంత ముచ్చటైన చోటు నేను మళ్ళీ చూడలేదు. 

మస్తానన్న నాకు నేర్పాడు. దాచుకోకుండా నేర్పాడు, అదే నాకు మింగుడుపడలేదు. "బంతిని చూడబాక. కొట్టేవాడి భుజం చూడు, బంతి యాడికొస్తాదో అదే చెప్తాది" అనేవాడు. సాయంత్రం తూర్పు గాలి మొదలయ్యాక ఎత్తు బంతి ఎంత పక్కకు జరుగుతుందో, ఎప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి కాచుకోవాలో నా భుజాలు పట్టుకుని నిలబెట్టి మరీ చూపించాడు. ఉండబట్టలేక ఒక రోజు అడిగాను.

"ఇవన్నీ నాకెందుకన్నా చెప్తావు?"

"తెలీనోడి మీద గెలిస్తే అదేం గెలుపురా? నేర్చుకో. అప్పుడు కొడతా నిన్ను."

కొట్టాడు కూడా. మొదటి వారం నన్ను కోర్టంతా పరిగెత్తించి, నాలుక బయట పెట్టించి, "ఏం రవణయ్యా, మిల్లులో బస్తాలే మేలా?" అని ఎగతాళి చేశాడు. కానీ రోజూ ఎదురుగా నిలబడి ఆడితే మనిషిలో లోపం కనపడకపోదు. ఎడమ భుజం మీదుగా ఎత్తుగా వెనక్కి పోయే బంతి ఆయనకు కష్టం. దానికి వెనక్కి పరిగెత్తాలి, పరిగెత్తితే ఊపిరి అందదు. ఒకటి తీసేవాడు, రెండోది తీసేవాడు, తర్వాత పెదవులు నల్లబడేవి. అది కనిపెట్టిన రోజు నుంచి నేను ఆ వైపు కొట్టడం మానేశాను. ఉప్పు తిన్న ఇల్లు. ఆ మాట చిన్నప్పటి నుంచి మా పల్లెల్లో ఎంత నూరిపోస్తారంటే, ఆలోచించకుండానే చెయ్యి ఆగిపోతుంది. చేతికందే బంతులు వేస్తూ పోయాను. ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఆయన గమనించాడు. ఆట మధ్యలో బ్యాటు కింద పడేసి, వల కిందుగా వంగి నా వైపు వచ్చాడు.

"నా వెనక్కెందుకు కొట్టలా?"

"చూసుకోలేదన్నా."

"అబద్ధాలాడబాక. జైనబి చెప్పింది గదా నీకు?"

 పేము కుర్చీలన్నీ ఇటు తిరిగాయి.

"నా ఇంట్లో అన్నం తిని నాకే ముష్టి వేస్తావంట్రా! అన్నం పెట్టింది ఆడమని, నన్ను సాకమని కాదు. నువ్వు మెల్లగా కొట్టి నేను గెలిస్తే, రేపు ఆ మూల ఏ మొహం పెట్టుకుని నిలబడేది? ఇంజనెక్కితే రొమ్ము పోతాది, పోనీ. ఇట్లా గెలిస్తే నాకేం మిగుల్తాదిరా?"

నా జీవితంలో నన్ను అంతగా తిట్టినవాళ్ళు లేరు. మా నాయన కూడా తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో మొగుడూ పెళ్ళాం తగువు పడ్డారు. "వాడికెందుకు చెప్పినావే?" అని ఆయన. "నీ రొమ్ముతో నాకూ చుట్టరికం ఉండాది గదా, చెప్పినా" అని ఆవిడ. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వసారాలో కూర్చుని అంతా విన్నాను. లేచి ఊరికి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళ్ళిపోతే అదీ ముష్టే అవుతుందని తట్టి ఆగిపోయాను.

క్యాంపు చివర మద్రాసు నుంచి ఆఫీసరు వచ్చాడు. జట్టును రెండుగా చేసి ఆడించారు. మస్తానన్న అటు, నేను ఇటు. సాయంత్రం గాలి మొదలైంది. నేను ఆయన ఎడమ భుజం మీదుగా కొట్టాను. తీశాడు. మళ్ళీ కొట్టాను. తీశాడు. జనం గోల. ఆయన నేర్పిన గాలి, ఆయన నేర్పిన అడుగు, అన్నీ ఆయన మీదే వాడాను. కొడుతూ పోయాను. చివరకు ఒక బంతికి వెనక్కి పరిగెత్తి, బ్యాటు ఎత్తబోయి, ఎత్తలేక గొంతుక్కూర్చున్నాడు. బంతి పక్కనే పడింది.  కాసేపటికి ఆయనే లేచి, బంతి తీసుకుని వల దాకా నడిచొచ్చి నా చేతిలో పెట్టాడు. "అదీ! అట్లా కొట్టాల" అన్నాడు. ఆ మాట కూడా పూర్తిగా రాలేదు, ఊపిరి లేక.

ఆఫీసరు నా పేరు చదివాడు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం నాకు ఆ పూట రాలేదు. మనసంతా మొద్దుబారిపోయింది. ఆ సాయంత్రం మస్తానన్న అదేపనిగా మాట్లాడాడు, పాత పోటీలు, పాత జోకులు. జైనబి వదిన వడ్డించింది. ఎప్పటిలాగే కడుపు నిండా పెట్టింది. నా మొహం వైపు చూడలేదు.

ఆయన ఇంజనెక్కాడు. నేను ఆ మూల నిలబడ్డాను, చాలా ఏళ్ళు నిలబడ్డాను. ఒకసారి పోటీల నుంచి తిరిగి వస్తుంటే గూడూరులో బండి ఆగింది. టీ కోసం దిగి నడుస్తుంటే, ఇంజను మీద నుంచి ఎవరో "రవణయ్యా!" అని పిలిచారు. మొహమంతా మసి, కళ్ళు మాత్రమే తెలుస్తున్నాయి. మమ్మల్ని ఇంటికి లాక్కొస్తున్న ఇంజనుకు బొగ్గు వేస్తున్నది ఆయనే. "గెలిచినారా?" అన్నాడు. ఓడిపోయామన్నా అన్నాను. "నీ మూల పోయిందా?" "లేదన్నా." "ఇంకేం!" అని మఫ్లరుతో నోరు తుడుచుకున్నాడు. ఈల మోగింది. నేను నా పెట్టెలోకి వెళ్ళి, తెచ్చుకున్న టీ తాగలేక కిటికీలోంచి పారబోశాను.

ఆ దశకం పూర్తి కాకముందే ఆయన పోయాడు. నాకు కబురు ఆలస్యంగా అందింది. నలభయ్యో రోజు ప్రార్థన, ఫాతిహా కూడా అయిపోయింది. వదిన కావలిలో తమ్ముడి ఇంట్లో ఉంటోందని తెలిసి వెళ్ళాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. ఆవిడను చూడగానే అదంతా పోయి, "నా మీద కోపంగా ఉందా వదినా?" అని చంటిపిల్లవాడిలా అడిగాను.

ఆవిడ ఆలోచించింది. తొందరపడి నన్ను ఊరడించాలని చూడలేదు.

"లేదని అబద్ధం చెప్పను నాయనా. ఉండాది. రోజూ ఉండాది. నువ్వు రాకపోయుంటే ఇంకో రెండేళ్ళు బతికేవాడేమో అనుకుంటా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒకటి మాత్రం చెప్పు. పోయే ముందు కూడా ఆయన అదే అన్నాడు, వాడు గట్టిగానే ఆడినాడే జైనబీ, నాకే అందలా అని. నిజమేనా? చివర్న కూడా ఏమీ దాచుకోలా నువ్వు?"

"లేదు వదినా. నాకు చేతనైనంత గట్టిగా కొట్టాను."

"సరే అయితే" అంది. లోపలికి వెళ్ళి కంచం తెచ్చింది. "కూర్చో. కోపం దోవ కోపానిది. ఎప్పుడనగా బయల్దేరినావో, తిను."

ఆ తర్వాత కావలి మీదుగా ఎప్పుడు పోయినా దిగేవాణ్ణి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ కోపంగానే వడ్డించేది, నేను తినే వచ్చేవాణ్ణి. ఇప్పుడు మా పిల్లలూ, చుట్టాలూ అందరూ మంచివాళ్ళు. నేను ఏ పొరపాటు చేసినా, "పెద్దాయన, పోనీలే, ఆయన మీద కోపమేంటి" అంటారు. నేను కంచం ముందు కూర్చుంటాను. చేతికందే బంతే వేస్తున్నారనిపించి, ఆ మాట విన్న పూట నాకు ముద్ద దిగదు.