ఒకటంటే ఆపు, రెండంటే రైట్

ఈ లైటు పని మొదలైంది నిరుడు ఆషాఢంలో రెండో మంగళవారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు. నోటుపుస్తకంలో అలాగే ఉంది. నిన్న తిరుపతిలో మా వీధికి కరెంటు పోయి వచ్చింది. రాగానే వంటింటి గోడ మీది చిన్న ఎర్ర లైటు మూడుసార్లు వెలిగి ఆరిపోయింది. కరెంటు వచ్చినప్పుడల్లా అలా వెలగమని దానికి రాసిపెట్టింది నేనే. పొయ్యి కట్టేసి పుస్తకం తీశాను.

మా ఆయన బస్సు కండక్టరు. నేను కార్వేటినగరం బడిలో లెక్కల టీచరుగా చేరిన కొత్తలో ఆయన బస్సులోనే పోయేదాన్ని. నేనెప్పుడూ ఆలస్యంగా వెళ్లలేదు, బస్సే రెండు నిమిషాలు ముందొచ్చేదని ఇప్పటికీ అంటాను. "టీచరమ్మ వస్తా ఉండాది, ఉండప్పా!" అని డ్రైవరుకు కేకేసి గంట తాడు ఒకసారి లాగేవారు. నేను ఎక్కి కూర్చున్నాక రెండుసార్లు. ఒకటంటే ఆపు, రెండంటే రైట్ రైట్. పెళ్లయ్యాక ఇంట్లో కూడా అదే పద్ధతి. నన్ను పిలవాలంటే మంచం పట్టె మీద ఒక దెబ్బ, ఇక పోవచ్చంటే రెండు. బంధువులు నవ్వేవాళ్లు. నేను మాత్రం రెండు దెబ్బలూ పడేదాకా గది దాటేదాన్ని కాదు.

నిరుడు వైశాఖంలో పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క, మాట, రెండూ పోయాయి. మిగిలిన ఎడమచేతికి పట్టె కొట్టే బలం లేదు. అప్పుడు చిత్తూరు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురు, అరచేతిలో పట్టే నీలం బోర్డు ఒకటి, తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. మనం ఏం చెయ్యాలో రాసి ఎక్కిస్తే, ఆ బోర్డు అదే చేస్తుందట.

"బజార్లో కాలింగ్ బెల్లు దొరకదా?" అన్నాను.

"దొరుకుతాది. పొద్దుగూకినాక ఎన్నిసార్లు కొట్టినారో లెక్క జెప్తాదా అది? నీకు లెక్క కావల్ల గదా పెద్దమ్మా!" అంది. నన్నెరిగిన పిల్ల.

రెండు రోజులు ల్యాప్‌టాప్ బోర్డును గుర్తే పట్టలేదు. ఫోను ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగ పెట్టానట. దానిలో కరెంటు పోతుంది, అక్షరం పోదు. తీగ మార్చి గురువారం మొదటి పాఠం ఎక్కించాను. లైటు ఒక సెకను వెలగాలి, ఒక సెకను ఆరాలి. వాక్యం చివర పెట్టాల్సిన గుర్తు మరిచిపోయానని పదకొండుసార్లు తిప్పికొట్టింది. పిల్లలకు ఇలాంటి తప్పుకు నేను అర మార్కు కోసేదాన్ని, ఇది ఏకంగా సున్నా వేసింది. పన్నెండోసారి వెలిగింది. చేతి గడియారం పెట్టి చూశాను, నిమిషానికి సరిగ్గా ముప్పై. మంచం మీంచి చూస్తున్న ఆయన నోటి ఎడమ సగం నవ్వింది.

పదమూడో రోజు, ఆదివారానికి, ఆయన ఎడమచేతి దగ్గర బటను, వంటింటి గోడకు లైటు అమరాయి. ఆయన ఒకసారి నొక్కితే ఒకసారి, రెండుసార్లు నొక్కితే రెండుసార్లు వెలుగుతుంది. మొదటి రోజు పిలుపులు నలభై ఒకటి. నీళ్లకు ఆరు, పక్క తిప్పడానికి నాలుగు, ఫ్యానుకు మూడు. తక్కిన ఇరవై ఎనిమిదీ ఊరికే. నేను వెళ్లి నిలబడితే చూసేవారు, అంతే. వెనక్కి వచ్చేసరికి లైటు రెండుసార్లు వెలిగేది. రైట్ రైట్‌లు కూడా నలభై ఒకటి, ఒక్కటీ ఎగ్గొట్టలేదు.

తొమ్మిది రోజులు అలా తిరిగాను. మోకాళ్లు వాచాయి. మంగళవారం కూర్చుని ప్రోగ్రాంలో ఒక వాక్యం చేర్చాను, ఒక పిలుపు అందాక పది నిమిషాలు ఆగమని. పిల్లకు ఫోను చేసి గొప్పగా చెప్పాను.

"ఆ పది నిమిషాలూ అది బటను దిక్కే సూడదు పెద్దమ్మా. నొక్కినా లెక్కలోకి రాదు."

"ఉండనీలే. పది నిమిషాల్లో ఏమైపోతాది?"

ఆయనకు పది వేళ్లూ చూపించి చెప్పాను. కళ్లు మూసి తెరిచారు, సరే అన్నట్టు. ఆ రోజు పిలుపులు పంతొమ్మిదికి దిగాయి. నేను వెనక్కి వచ్చాక వెలిగే రెండు వెలుగులు పూర్తిగా ఆగిపోయాయి. ఆయన నొక్కుతూనే ఉన్నారేమో, ఆ సంగతి నాకు తట్టలేదు. పుస్తకంలో 'తగ్గింది' అని రాసి కింద గీత గీశాను.

పదకొండు రోజుల తర్వాత, శ్రావణంలో రెండో శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలకు లైటు ఒకసారి వెలిగింది. వెళ్లి రెండు చెంచాల నీళ్లు తాగించి, మూతి తుడిచి, చెయ్యి దుప్పటి కింద పెట్టి వచ్చాను. ఉలవలు ఏరుతూ కూర్చున్నాను. నాలుగూ పదిహేనుకు గడువు తీరింది. లైటు వెలగలేదు, నిద్రపోయారనుకున్నాను. నాలుగూ ఇరవైకి కాఫీ తీసుకుని వెళ్లాను. చెయ్యి దుప్పటి బయట ఉంది. బొటనవేలు బటను మీద ఉంది. ఆయన లేరు.

గడువు తీరాక నొక్కి ఉంటే లైటు వెలిగేది. కాబట్టి నొక్కి ఉంటే ఆ పది నిమిషాల్లోనే.

పదకొండో రోజు కర్మకు పిల్ల వచ్చింది. ఆగుతూనే లెక్కపెట్టుకునేలా ఆ ప్రోగ్రాం మార్చొచ్చని చూపించింది. మారింది నాలుగే వాక్యాలు.

"నువ్వు పోయింటే మాత్రం ఏం జేసేదానివి పెద్దమ్మా?" అంది, నా వీపు మీద చెయ్యి వేసి.

"ఆడ ఉండేదాన్ని."

ఇప్పుడు ఆ బోర్డు పది నిమిషాలు ఆగుతూ కూడా ప్రతి నొక్కూ లెక్కపెడుతుంది. రోజూ సాయంత్రం చూస్తాను, సున్నా ఉంటుంది, రాస్తాను. పోయినవి మాత్రం ఒక పేజీలో విడిగా రాసుకున్నాను. మనిషి ఒకరు. కలిసి ఉన్నది నలభై ఆరేళ్ల మూడు నెలలు. నేను బటనుకు చెవి మూసిన రోజులు పదకొండు. చివరి పది నిమిషాల్లో నొక్కినవి ఒకటో, రెండో. ఒకటైతే నన్ను పిలిచారు, రెండైతే పంపేశారు. ఆ గడి ఖాళీగా ఉంది.