కూర్గుకు బదులు పులివెందుల

పెళ్లయిన కొత్తలో మేమెక్కడికీ పోలేదు. పెళ్లయిన వారానికే మా ఆయన వాళ్ల అవ్వ చనిపోయింది. ఆ మైల తీరేసరికి నా సెలవు అయిపోయింది. నేను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆయనకు చిలమకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం.

రెండేళ్ల తర్వాత దసరా సెలవులకు కూర్గు పోదామనుకున్నాం. దానికి ముందు నెలంతా మనసులో ఆ కొండల్లోనే కాపురం చేశామంటే నమ్మండి. సాయంత్రాలు మేడమీద కూర్చుని, కాఫీ తోటల మధ్య ఉన్న పెంకుటింటి ఫోటోలు ఫోనులో చూసుకునేవాళ్లం. "ఆడ పొద్దున లేస్తే మంచు మే. మన మాదిరి దుమ్ము కాదు" అనేవాడు మా ఆయన. ఒంటిమీద చెమట కారుతుండగా బజారంతా తిరిగి నాకొక ఉన్ని టోపీ కొన్నాడు. అంగడాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. అబద్ధమెందుకు, ఆ నెలరోజుల మనిషి నాకు చాలా నచ్చాడు.

అంతలో పులివెందుల నుంచి పెద్దమామ ఫోను చేశాడు. మా మామగారికి అన్న ఆయన. మనవడికి చెవులు కుట్టిస్తున్నాడట. ఫోను స్పీకర్లో ఉంది కాబట్టి నాకూ వినబడింది.

"మనోళ్లు ఒక్కరు తక్కువ కాకూడదురా. పార్టీలో పెద్దమనిషి వస్తాండాడు. మన బలగం ఎంతుందో ఆయప్ప కంటికి ఆనాల."

"అట్లే పెదనాయనా" అన్నాడు మా ఆయన. నా వైపు చూడనుకూడా లేదు.

"ఆ పొద్దే కదా మన బస్సు?" అన్నాను.

"ఎట్లబ్బా... పోకుంటే ఏమనుకుంటారు?"

"ఎవరు?"

"అందరూ."

ఆ అందరూ ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. ఆదివారం జమ్మలమడుగు పోయి అత్తమామలకు చెప్పి చూశాను. "కొండలు యాడికి పోతాయి మ్మా, మళ్లా పోదురులే" అంది అత్త. మామగారు పేపరు మడిచి, మీసం మీద చెయ్యేసుకున్నాడు. "మా అన్న మాటకు ఈ ఇంట్లో ఎవురూ ఎదురు చెప్పల్యా" అన్నాడు. నిజమే, చెప్పలేదు. పంపకాల్లో బోరున్న చేను అన్న తీసుకుంటే ఈయనకు రాళ్ల చేను మిగిలింది. అప్పుడూ ఎదురు చెప్పలేదు. దాన్ని ఇంత గొప్పగా చెప్పుకునే మనిషితో ఏం మాట్లాడను? మేము బయల్దేరుతుంటే పాపం ఉపాయం కూడా చెప్పాడు. "అంతగా తిరగాలనుంటే గండికోట చూసి రాండి. పక్కనే కదా."

ఏటా మా కాలేజీ పిల్లల్ని గండికోటకు తీసుకుపోయి వాళ్లు లోయలోకి జారకుండా కాపలా కాసేదాన్ని నేను. ఆ రాత్రే కూర్గులో తీసుకున్న రూము రద్దు చేశాను.

చెవులు కుట్టే రోజు కల్యాణమండపం ముందు ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టారు. పైన పెద్దమనిషి, ఆయన కింద పెద్దమామ, అడుగున వరసగా బంధువుల తలలు. చివరి మూలలో మా ఆయన మొహం ఉంది. కట్టిన తాడు సరిగ్గా ఆయన గడ్డం మీదుగా పోయింది. కూర్గు కోసం కొన్న చొక్కా వేసుకొచ్చిన ఆ మనిషిని గేటు దగ్గర నిలబెట్టి బండ్లు పెట్టించే పని అప్పజెప్పారు. మధ్యాహ్నమంతా ఎండలో చేతులు ఊపుతూ నిలబడ్డాడు. లోపల కంసాలి చెవి కుడుతుంటే పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాణ్ణి ఎత్తుకున్న తల్లి తప్ప ఎవరూ వాడి వైపు చూడలేదు. అందరి కళ్లూ గేటు మీదే.

పెద్దమనిషి వచ్చాడు. ఫోటో దిగాడు. పిల్లవాడి బుగ్గ గిల్లి "పాప ముద్దుగుంది" అన్నాడు.

"అవును సార్" అన్నాడు పెద్దమామ.

మగబిడ్డ తాత, అంతమంది ముందర, "అవును సార్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమనిషి అన్నం తినకుండానే కారెక్కాడు. మేము చివరి పంక్తిలో కూర్చునేసరికి సంగటి మాడు, పులుసులో బొమికలు మిగిలాయి.

వారం తర్వాత పెద్దమామ మళ్లీ ఫోను చేశాడు.

"ఏమిరా, మీరిద్దరూ రాల్యా. ఇంత పొగరు పనికిరాదు."

"వచ్చినాం పెదనాయనా. గేటుకాడ బండ్లు పెట్టించింది నేనే కదా."

"యాడ? నేను చూడల్యా. మీ నాయనకు చెప్తాండా ఉండు."

"తప్పయింది పెదనాయనా" అన్నాడు మా ఆయన.

పోయి, ఎండలో నిలబడి వచ్చి, పోనందుకు తప్పయిందన్నాడు. ఆ మాట విన్నాక నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కొంతైనా గౌరవముండాలి.

వేసవి సెలవులకు మళ్లీ రూము తీసుకున్నాను. అనుకున్నట్టే పులివెందుల నుంచి ఫోను వచ్చింది. ఈసారి పెద్దమామ కొడుకు గృహప్రవేశం.

"ఎట్లబ్బా" అన్నాడు ఈయన.

"నువ్వు ఆడికి పో. నేను కూర్గు పోతాండా."

"ఒక్కదానివేనా?"

"రూము ఇద్దరికీ తీసుకున్నా. రావాలనుంటే రా."

నేనే మెత్తబడతానని చివరిదాకా చూశాడు. తర్వాత బస్టాండుకు తీసుకొచ్చి కిటికీ పక్క సీటు చూపించి దిగిపోయాడు. బస్సు పులివెందుల మీదుగానే పోతుంది. అక్కడ టీకి ఆపితే నేను దిగలేదు.

కూర్గులో వాన. జలగలు. మిరియాల తీగల వాసన. ఎవరూ నన్ను ఎవరి కోడలివని అడగలేదు. మొదటి సాయంత్రం వరండాలో కాఫీ తాగుతుంటే మా ఆయన గుర్తొచ్చాడు. మేడమీద కూర్చున్న మనిషే గాని, ఫోనులో తప్పయిందన్న మనిషి కాదు.

మర్నాడు ఆయనే ఫోను చేశాడు. వెనక గృహప్రవేశం మైకు మోగుతోంది.

"నన్ను ఎవరన్నా అడిగినారా?" అన్నాను.

"లే. నన్ను గూడా ఎవురూ పలకరించల్యా."

"అయితే బస్సెక్కు. రేపటికి ఈడుంటావు."

"యాడ మే... వంటోళ్ల గిన్నెలు అప్పజెప్పి పొమ్మన్నాడు పెదనాయన."

ఫోను పెట్టేసి, గొడుగు తీసుకుని తోటలోకి నడిచాను. మరుసటి వేసవి వచ్చేసరికి ఊటీకి టికెట్టు తీసుకున్నాను, ఒకటే.