కిటికీలోంచి చాపిన చెయ్యి

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో జర్మనీ నుంచి తిరిగివస్తూ హౌరాలో టాటానగర్ బండి ఎక్కాను. జర్మనీలో మాట్లాడే మనిషి లేక, సాయంత్రాలు గడవక, వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ సూర్యాస్తమయాలు ఫొటోలు తీశాను. నా భార్య పోయాక వాటిని చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. రైల్లో నేనే మళ్ళీ చూసుకుంటున్నాను.

ఎదుటి సీట్లోని తెలుగావిడ, మా టాటానగర్‌లోనే భుయ్యాడీహ్ పేట మనిషి, ఒక ఫొటో అందుకుంది.

"మన కార్ఖానాలో స్లాగు పోసినప్పుడు తీసిందేటి బాబూ?"

ఉక్కు కార్ఖానాలో మిగిలిన కరిగిన మడ్డిని గుట్ట మీద పారబోసినప్పుడల్లా మా ఊరి ఆకాశం అలాగే ఎర్రబడుతుంది.

"కాదమ్మా, విదేశంలో పొద్దు గుంకడం."

ఆవిడ నవ్వింది. "అంత దూరం ఎల్లి మన ఆకాశమే తెచ్చినావేటి! ఇంటి మీద బెంగెట్టేసుకున్నావా?"

ఫొటో తీసుకుని మిగతావాటితో సర్దాను.

ఊరు దగ్గరపడేసరికి మసకచీకట్లో ఆకాశం ఎర్రగా వెలిగింది.

"అదిగో, తియ్యి బాబూ, తియ్యి!" అంటూ ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపింది. తీశాను.

ఫొటో కదిలిపోయింది. ఆకాశం సరిగా పడలేదు, గాజుల చెయ్యి మాత్రం పడింది. ఆల్బంలో ఆఖరిగా దాన్ని అంటించాను. అన్ని ఫొటోల్లోనూ మనిషి జాడ ఉన్నది అందులోనే.